వేర్పాటు వేఱు, వలస వేఱు: బర్మా నేర్పిన పాఠము

ఒక దేశము వేఱొక దేశముతోడి రాజ్యబంధమును ఉంచుకొనవలెనా, తెంచుకొనవలెనా యను ప్రశ్న పుట్టినప్పుడు, దాని వెనువెంటనే మఱియొక ప్రశ్న తలయెత్తుట పరిపాటియైనది. పొరుగునుండి బ్రదుకుతెరువునకై వచ్చువారిని రానీయవలెనా, ఆపవలెనా, ఇదివఱకే వచ్చినవారిని ఏమి చేయవలెను అనునది ఆ రెండవ ప్రశ్న. మొదటిది పరిపాలనాధికారమునకు సంబంధించినది. రెండవది కూలికి, భూమికి, అప్పునకు సంబంధించినది. వేదికలమీద మాత్రము రెండును ఒకటే ప్రశ్నగా వినబడును. బంధము తెగినచో వలస తనంత తానే చక్కబడునని యొక పక్షమువారు చెప్పుదురు. వలసవారిపై ద్వేషము తప్ప వేర్పాటువాదములో వేఱేమియు లేదని రెండవ పక్షమువారు చెప్పుదురు. ఈ రెండు మాటలును సత్యమునకు దూరములే.

2016 జూన్ 23వ తేదీన బ్రిటనులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమునందు, ఐరోపా సమాఖ్యను విడిచిపోవలెనని నూటికి 51.9 వంతున, ఉండవలెనని 48.1 వంతున ఓట్లు పడెను. ఆ తగవును మన విద్యావంతులనేకులు ఎవరియింటి గొడవయో యన్నట్లు చూచి యూరకుండిరి. కాని యిట్టి వివాదము ఆంధ్రులకు క్రొత్తది గాదు. బర్మా భారతదేశమునుండి విడిపోవుటను గూర్చి 1930 మొదలు 1937 వఱకు నడచిన వాదోపవాదములలో, వలసవారని నింద మోసినవారి ముందువరుసలో మన తెలుగువారు నిలిచియుండిరి. ఆ చరిత్రమును సావకాశముగా నెమరువేసుకొన్నచో నేటి బ్రిటను అనుభవము తేటపడును. మన గడపలో నేడు జరుగుచున్నదానిని గూర్చియు కొంత తెలియవచ్చును.

రంగము దారి

బర్మా మనతో కలిసినది తన యిష్టముచేత గాదు. 1824లోను, 1852లోను, 1885లోను మొదలైన మూడు యుద్ధములలో ఆంగ్లేయులు ఆ రాజ్యమును అంచెలంచెలుగా గెలుచుకొని, 1886లో మిగిలిన యుత్తరభాగమునుగూడ బ్రిటిషిండియాలో కలిపివేసిరి. మాండలేలోని సింహాసనము పోయెను. శాసనము మొదట కలకత్తానుండియు, పిదప ఢిల్లీనుండియు రాసాగెను. జాతియు, భాషయు, ఆచారములును వేఱైన యొక ప్రాచీన రాజ్యము, తన్నెవ్వరును అడుగకయే, భారతదేశములో ఒక రాష్ట్రమైపోయెను. ఈ సంగతిని మఱచి బర్మా వేర్పాటును గూర్చి మాటలాడుట న్యాయము కాదు.

ఆ కాలముననే ఇరావతీనది డెల్టాలోని యడవులు నఱికి వరిపొలములుగా చేయుట సాగెను. బియ్యమునకు విదేశములలో గిరాకి హెచ్చెను. రంగూనులో మిల్లులు లేచినవి. రేవులో ఓడలు బారులు తీర్చినవి. కోతకును, మిల్లు పనికిని, ఓడలకెత్తుటకును చేతులు కావలసివచ్చెను. ఆ చేతులు బంగాళాఖాతమునకు ఈవలి యొడ్డున దొరకెను. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు 1839 నాటి తుపానులో నాశనమైనను, దాని పేరు సముద్రము దాటి నిలిచినది. బర్మాలో తెలుగు కూలిని “కోరంగి” యనియే పిలిచిరి. తరువాతి కాలమున గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలములనుండి వేలకొలది జనులు కాకినాడలోను, విశాఖలోను పొగయోడలెక్కి “రంగము” పోయిరి. రేవులో బస్తాలు మోసినవారు, మిల్లులలో వడ్లెత్తినవారు, వీథులలో రిక్షాలు లాగినవారు, పాయిఖానాలు శుభ్రపఱచినవారు వీరే.

వీరిని తోడ్కొనిపోయినవాడు మేస్త్రీ. గ్రామములో బయానా యిచ్చి, ఓడ చార్జీ పెట్టి, అవతల పని చూపి, కూలిడబ్బులలో తన వంతును ముందుగా కోసుకొనువాడు అతడే. కంపెనీవారు మేస్త్రీతో మాటలాడుదురు గాని కూలితో మాటలాడరు. కూలి తన కష్టములో సగపాలు బాకీకి కట్టుచు, మిగిలినది యింటికి పంపుచు, ఒకే గదిలో పలువురతో కలిసి పడుకొనుచు కాలము గడపెను. 1929లో నియమింపబడిన విట్లీ కార్మిక కమీషను రంగూనులోని ఈ బసల యిరుకును పరిశీలించి తన నివేదికలో చెప్పియున్నది.

మన భూస్వాములు ఇచ్చట ఆలోచింపదగిన మాట యొకటి గలదు. తన యూరిలో కడుపు నిండినవాడు సముద్రము దాటి బస్తాలు మోయుటకు పోడు. ఉత్తరాంధ్రమున అధికభాగము జమీందారీల క్రింద నుండెను. వానను నమ్ముకొన్న మెట్టసేద్యము, తక్కువ కూలి, ఎడతెగని బాకీ అచ్చటి పాలేరును రేవువైపు నెట్టినవి. రంగూను మిల్లుయజమాని లాగినంత బలముగా మన గ్రామము వానిని త్రోసినది. వలసకు కారణమును వెదకువారు చేరిన యూరిని మాత్రమే చూచినచో సగమే చూచినట్లగును.

బర్మీయుల బాధ

1931 జనాభా లెక్కలప్రకారము బర్మాలో ఇంచుమించు కోటి నలువదియాఱు లక్షలమంది యుండగా, అందు భారతీయులు పది లక్షలకు పైబడియుండిరి. దేశమంతటిలో వారు నూటికి ఏడుగురే. కాని రంగూను నగరములోని నాలుగు లక్షలమందిలో వారు సగముకన్న హెచ్చు. బర్మీయుడు తన రాజధానిలో నడచిపోవునప్పుడు తన భాషకన్న పరభాషలనే హెచ్చుగా వినవలసివచ్చినది. తపాలాకచ్చేరిలో, రైల్వేలో, పోలీసులో, దుకాణములో, రేవులో ఎక్కడ చూచినను వచ్చినవారే కనబడిరి. ఈ స్థితిలో ఏ జాతికైనను మనసు కలతపడుట సహజము.

దీనికి తోడు భూమి పోయెను. నాటుకోట్టై చెట్టియార్లు డెల్టా రైతులకు అప్పులిచ్చి ఆ సేద్యమును పెంచినవారు. 1930 తరువాత ప్రపంచమంతటను ధరలు పడిపోయినప్పుడు వడ్ల వెల ఇంచుమించు సగమునకు దిగెను. రైతులు అప్పు తీర్చలేకపోయిరి. భూములు చెట్టియార్లకు చిక్కెను. దిగువ బర్మాలోని 13 ప్రధానమైన వరి మండలములలో 1930లో నూటికి ఆఱు పాళ్లు వారి వశమున నుండగా, 1937 నాటికి నూటికి ఇరువదియైదు పాళ్లు వారి క్రిందికి వచ్చెను. చెట్టియార్లు ఆ భూములను కోరి కొన్నవారు గారు. పైకము వచ్చుటయే వారికి కావలసినది. అయినను, తాతలనాటి పొలములో తానే కౌలుదారైన రైతునకు ఈ సమాధానము ఊఱటనీయదు. గోదావరి కృష్ణా డెల్టాలలో అదే మాంద్యమున అప్పులపాలైన మన రైతులు ఈ బాధను చక్కగా నెఱుగుదురు.

ఈ కోపము మొట్టమొదట పడినది మాత్రము అప్పిచ్చినవానిమీద గాదు, బస్తా మోసినవానిమీద. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేసిరి. ఓడలలో సరకెత్తించు కంపెనీలవారు బర్మీయ కూలీలను తెచ్చి పని జరిపించుకొనిరి. పిదప తెలుగువారితో రాజీ కుదుర్చుకొని, మే 26వ తేదీన పనికి వచ్చిన బర్మీయులను మీరిక పొండనిరి. ఆనాడు రేగిన కొట్లాట కొన్ని దినములు సాగెను. వందమందికి పైగా, అందు మిక్కిలిగా మన కూలీలే, ప్రాణములు కోలుపోయిరి. ఆబోతులు పోట్లాడుకొనగా లేగల కాళ్లు విఱిగినవన్న సామెతకు ఇంతకన్న తగిన సందర్భము దొరకదు. ఇరుపక్షముల పేదలను ఒకరిపై నొకరిని ఉసికొల్పినట్లు చేసిన కంపెనీలకు మాత్రము చేటు కలుగలేదు.

విడిపోదమా, కలిసియుందమా?

ఆ సంవత్సరమే సైమను కమీషను బర్మాను భారతదేశమునుండి వేఱుచేయవలెనని సిఫారసు చేసెను. అది మొదలు బర్మాలో రెండు పక్షములు పుట్టినవి. ఢిల్లీకి పోవు మన పన్నులు మనకే మిగులును, రానుపోను అధికారము మన చేతికి వచ్చును, మన భూమియు మన కూలియు మనవారికే దక్కునని విభజనవాదులు వాదించిరి. భారతీయులు స్వరాజ్యమునకై చేయు పోరాటములో ముందునకు పోవుచుండగా మనలను వేఱుచేయుట, ఆంగ్ల వర్తకుల క్రింద మనలను ఒంటరిగా నిలుపుటకేయని విభజన వ్యతిరేకులు వాదించిరి. నూనె గనులు, టేకు అడవులు, నదిలోని పొగయోడలు ఎవరివో చూడుడని వారు అడిగిరి. ఈ రెండు వాదములలోను దేశాభిమానమే యుండెను. ఒకరు దేశద్రోహులు, ఒకరు దేశభక్తులు అని విడదీయుటకు వీలులేని తగవు అది.

1931 నవంబరు మొదలు 1932 జనవరి వఱకు లండనులో బర్మా రౌండుటేబులు సమావేశము జరిగెను. ఆ బల్లచుట్టు చేరిన భారతీయ ప్రతినిధులలో రేవుకూలి యొక్కడును లేడు. విడిపోవుటయో, భారత సమాఖ్యలో చేరుటయో బర్మీయులే తేల్చుకొనవలెనని బ్రిటిషు ప్రధాని రామ్సే మాక్డొనాల్డు ప్రకటించెను. 1932 నవంబరులో జరిగిన ఎన్నికలలో డాక్టరు బా మా, ఊ చిట్ హ్లయింగు ప్రభృతులు నాయకత్వము వహించిన విభజన వ్యతిరేకులకే అధికస్థానములు వచ్చినవి. అయితే గెలిచినవారు భారతదేశముతో శాశ్వతముగా కలిసియుండుటకును ఒప్పుకొనలేదు. ఇప్పుడీయజూపిన రాజ్యాంగముతో విడిపోము, ఎన్నడును విడిపోరాని షరతుతో చేరము, చేరినను విడిపోవు హక్కు మాకుండవలెనని శాసనసభలో పలికిరి. పాము చావకుండ, కఱ్ఱ విఱుగకుండ చేసిన తీర్మానమది. దానిలోని సందిగ్ధతను చూపి లండనువారు తమకు తోచినట్లే నిర్ణయించిరి. 1935లో చట్టము వచ్చెను. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేఱయ్యెను. వేర్పాటును ప్రతిఘటించి గెలిచిన బా మాగారే వేఱుపడిన బర్మాకు తొలి ప్రధానమంత్రియైరి.

ఓటు చేసిన జనులు ఇంతకును ఏమి కోరిరి? వారు కోరినది వేర్పాటా, సమాఖ్యా యని అడుగుట వ్యర్థము. వారికి కావలసినది భూమి, మర్యాద, తమ పట్టణములో తమకొక చోటు. ఈ కోరికలను “విడిపోదమా, ఉందమా” యను ఒక్క ప్రశ్నలోనికి కుదించి అడుగగా వచ్చిన జవాబు అస్పష్టముగానుండుటలో వింతయేమియు లేదు.

వేర్పాటు తరువాత

రాజ్యములు వేఱైన మఱునాడు ఓడలు నిలిచిపోలేదు. వలసను మూడు సంవత్సరములవఱకు యథాప్రకారముగానే జరుగనీయవలెనని వేర్పాటు చట్టము క్రింద వెలువడిన యుత్తరువులోనే యుండెను. మిల్లులకు కూలీలు కావలెను, చెట్టియార్లకు వడ్డీ రావలెను, ఓడ కంపెనీలకు ప్రయాణికులు కావలెను. వలసను ఆపుననుకొన్న వేర్పాటు వలసను తాకనైన తాకలేదు. ఆశాభంగము కలిగిన జనులలో అసంతృప్తి మిక్కుటమయ్యెను. 1938 జూలైలో ఒక పుస్తకమును నిమిత్తముగా చేసికొని రంగూనులో మరల రేగిన అల్లర్లు ఇతర పట్టణములకును ప్రాకెను.

అప్పుడుగాని వలసను గూర్చి శ్రద్ధగా విచారింపవలెనని ప్రభుత్వమునకు తోచలేదు. 1939లో జేమ్సు బాక్స్టరు అను నతడు విచారణకు నియమింపబడెను. భారతీయ కూలి బర్మీయుల పనిని కాజేసినవాడు గాడనియు, బర్మీయుల శ్రమకు తోడుగా అదనపు శ్రమ నొసగినవాడే యనియు అతని విచారణలో తేలినది. 1930 నాటి హత్యలకు, 1932 నాటి యెన్నికలకు, 1937 నాటి వేర్పాటునకు ముందు జరుగవలసిన విచారణ అన్నియు జరిగిన తరువాత జరిగినది. దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనన్న సామాన్య వివేకము ప్రభుత్వములకు అరుదు.

1941 జూన్ 28వ తేదీన ఉభయప్రభుత్వములకు నడుమ వలస యొడంబడిక కుదిరెను. భారత ప్రభుత్వపక్షమున సర్ గిరిజాశంకర వాజపేయిగారును, బర్మా పక్షమున ప్రధాని ఊ సా ప్రభుత్వమును దానిని నడపినవారు. పాస్పోర్టులు, పర్మిట్లు, రుసుములు ఏర్పడెను. నైపుణ్యము లేని కూలీలు పోవుట నిలిచెను. తమ దేశములోనికి ఎవరు రావలెనో తాము నిర్ణయించుకొను హక్కు బర్మీయులకు లేదని ఎవ్వరును అనలేరు. కాని తరతరములుగా అచ్చట కాపురమున్నవారినిగూడ పరదేశీయులుగా లెక్కించి, పొమ్మనలేక పొగబెట్టినట్లున్నదని భారతదేశమున తీవ్రమైన యాక్షేపణ కలిగెను. మహాత్మాగాంధీగారును ఆ యొడంబడికను విమర్శించిరి. ఒడ్డు చేరినదాక ఓడమల్లయ్య, ఒడ్డు చేరినపిదప బోడిమల్లయ్య యన్నట్లు, డెల్టా పంటపొలమైనదాక ఆదరింపబడిన కూలి, తన పని ముగిసినపిదప బరువైపోయెను.

ఆ యొడంబడిక పూర్తిగా అమలు కాకమునుపే యుద్ధము వచ్చిపడెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. 1942 మార్చిలో నగరము పడిపోయెను. నాలుగైదు లక్షల భారతీయులు, అందు వేలకొలది తెలుగువారు, అరకాను కొండలమీదుగాను, మణిపురపు దారిగాను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. కలరా, మలేరియా, ఆకలి వాతబడి దారిలో చనిపోయినవారు పదివేలమీదనే లెక్కకు వత్తురు. ఓడలలో చోటు ధనికులకు దొరకినట్లు కూలికి దొరకలేదు. బర్మా బియ్యము నిలిచిపోవుట 1943 నాటి వంగదేశపు కఱవునకు ఒక కారణమయ్యెను. వలసకూలిని భారముగా నెంచిన కాలములోనే, అతడు మోసిన బస్తాలు ఎందఱి ప్రాణములను నిలిపెనో లోకమునకు తెలిసినది.

1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. భూములు జాతీయము చేయబడెను. 1962లో సైన్యము అధికారమును చేజిక్కించుకొనెను. 1964లో దుకాణములు జాతీయమై, పెద్ద నోట్లు రద్దుకాగా, తరువాతి సంవత్సరములలో సుమారు మూడు లక్షల భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున “బర్మా క్యాంపు”, మదరాసున “బర్మా బజారు” అను పేర్లు ఆనాటి గుర్తులుగా నేటికిని నిలిచియున్నవి. 1982 నాటి పౌరసత్వచట్టము 1823కు పూర్వమునుండి ఆ నేలమీద నున్న జాతులకే మొదటి తెగ పౌరసత్వమును నిశ్చయించెను. ఇన్ని చట్టములైన పిమ్మట బర్మా రైతు బాగుపడెనా? ప్రపంచములో బియ్యపు టెగుమతికి మొదటి స్థానమున నుండిన దేశము సైనిక పాలనలో దరిద్రమున పడెను. వలసవాడు వెడలిపోయెను, రైతు బాధ పోలేదు.

బ్రిటను సంగతి

ఆనాడు బర్మాను విడదీసిన బ్రిటను దేశమునకే ఎనుబది యేండ్ల తరువాత అదే ప్రశ్న ఎదురయ్యెను. 1973లో ఐరోపా దేశముల సమాజములో చేరిన బ్రిటను, 2004లో తూర్పు ఐరోపా దేశములు సమాఖ్యలో చేరినప్పుడు, అచ్చటి పనివారికి వెంటనే తలుపులు తెఱచిన మూడు దేశములలో ఒకటి. ఏటికి పదమూడు వేలకు మించి రారని లెక్కలు వేసిరి. అంతకు ఎన్నియో రెట్లు వచ్చిరి. లింకన్షైరులోని బోస్టను పట్టణమున కూరగాయల తోటలలో పనికి పోలండు, లిథువేనియా దేశీయులు వచ్చి నిండిరి. ఇంటి అద్దె, వైద్యుని వద్ద వరుస, బడిలో చోటు అచ్చటివారికి కష్టమయ్యెను. 2016లో విడిపోవలెనని దేశమంతటిలో అత్యధికముగా, నూటికి 75కు పైగా, ఓటు చేసిన ప్రాంతము అదియే. అచ్చటివారిని మూర్ఖులని యపహసించుట తేలిక. తోటల యజమానికి లాభమును, పట్టణమునకు భారమును మిగిలిన యేర్పాటును గూర్చి వారు పండ్రెండేండ్లుగా మొఱపెట్టుచుండ వినినవారు లేరన్నది సత్యము. అట్లే, దశాబ్దములుగా ఆ దేశమున పనిచేసి పన్నులు కట్టుచున్న పోలండు దేశీయునకు ఆ నిర్ణయములో ఓటు లేదన్నదియు సత్యము.

బ్రిటను 2020 జనవరి 31వ తేదీన సమాఖ్యను వీడెను. ఆ యేటి చివరతో ఐరోపావారి స్వేచ్ఛాగమనము ముగిసెను. వలస ముగిసెనా? వచ్చినవారిలో వెళ్లినవారిని తీసివేయగా మిగిలిన సంఖ్య విడిపోకమునుపు మూడు లక్షల పరిధిలో నుండగా, 2023లో తొమ్మిది లక్షలు మించిపోయెను. ఐరోపావారికి బదులు భారతదేశము, నైజీరియా మున్నగు దేశములవారు వచ్చిరి. ఏలయన వృద్ధులకు పరిచర్య చేయువారు, తోటలలో పండ్లు కోయువారు, విశ్వవిద్యాలయములకు రుసుములు కట్టువారు ఆ దేశమునకు కావలసియేయుండిరి. నేపాలు, ఇండోనీషియా దేశములనుండి పండ్ల కోతకు పోయినవారిలో కొందఱు దళారులకు అప్పు చేసి కట్టి పోయిరని పత్రికలు బయటపెట్టినవి. పరిచారకుల వీసాలలోను అట్టి మోసములే జరిగెను. రంగూను మేస్త్రీ మరల పుట్టినాడు! తరువాత ప్రభుత్వము నిబంధనలు బిగించుటచేత సంఖ్య తగ్గినది. సమాఖ్యను వీడుటచేత గాక, వీసా నిబంధనలు మార్చుటచేత తగ్గినదని గ్రహింపవలెను.

మనము గ్రహింపవలసినది

ఈ రెండు చరిత్రములనుండి తేలునది యేమి? ఒక జాతి తన రాజ్యమును తానే యేలుకొనవలెనని కోరుట న్యాయమైనది. స్వరాజ్యమునకై పోరాడిన మనకు బర్మీయుని కోరికను తప్పుపట్టు అర్హత లేదు. ఆంగ్లేయుని కోరికను అపహసించు నవసరమును లేదు. కాని ఆ కోరికకు బలము చేకూర్చుటకై వలసవానిని భూతముగా చూపించు నాయకుడు, తన ప్రజలకే ద్రోహము చేయుచున్నాడు. ఏలయన వేర్పాటు జరిగిన పిదప భూతము పోదు, భూమి రాదు. అట్లే, జనుల మొఱను జాతిద్వేషమని కొట్టివేయు విద్యావంతుడును మేలు చేయుటలేదు. రైతు అప్పును గూర్చి 1930లోనే చట్టములు వచ్చియుండినచో, మేస్త్రీ పద్ధతిని ఆనాడే మాన్పించియుండినచో, కూలికి బస చూపి, రేవులో ఇరుజాతులకును పని పంచియుండినచో, బర్మా వేఱుపడినను రక్తపాతము లేకుండ వేఱుపడియుండును.

వలసకు నియమములుండవలెను. అవి ప్రశాంత కాలమున, విచారణ చేసి, ముందుగా తెలిపి చేయవలెను. ఇదివఱకే వచ్చి కాపురమున్నవారికి ఇచ్చిన మాట తప్పరాదు. శిక్షయనునది ఉన్నచో కూలిని తెచ్చి లాభపడిన దళారితో మొదలు కావలెను గాని కూలితో మొదలు కారాదు.

ఇదంతయు దూరదేశముల మాటయని మన పాఠకులు తలపవలదు. నేడు తెలుగువాడు అమెరికాకు, బ్రిటనుకు, గల్ఫు దేశములకు పోవుచున్నాడు. అచ్చట వీసా నియమములు మాఱినప్పుడెల్ల మన యిండ్లలో కలవరము పుట్టుచున్నది. అదే సమయమున మన ఇటుకబట్టీలలో పశ్చిమ ఒడిస్సా కుటుంబములును, మన బియ్యపు మిల్లులలో బీహారు హమాలీలును పనిచేయుచున్నారు. వారు పరదేశీయులు గారు, ఈ దేశపు పౌరులే. అయినను, వారిని తెచ్చునది బయానా యిచ్చిన దళారియే. వారు నిద్రించునది మిల్లు ప్రక్కనున్న రేకుల పాకలోనే. 1930లో రంగూను మిల్లులో తెలుగు కూలి ఎత్తిన బస్తాను నేడు మన మిల్లులో బీహారు కూలి యెత్తుచున్నాడు. రంగూనులో మనవానికి న్యాయము జరుగవలెనని ఆనాడు మన పత్రికలు, మన సభలు కోరినవి. ఆ న్యాయమును నేడు మనమిచ్చు స్థితిలో నున్నాము. భూస్వాములు, మిల్లుదారులు, పురప్రముఖులు తమ గ్రామమునకు వచ్చిన కూలికి దళారి కోత లేని కూలి, తల దాచుకొనుటకు చోటు, వాని బిడ్డకు బడి కల్పించినచో, తమ యూరివారికిని వారికిని వైరము పుట్టకమునుపే దానికి కారణము తొలగించినవారగుదురు. ఆ పనికి శాసనసభల అనుమతి కొఱకు వేచియుండనక్కఱలేదు. ఈ పంటకాలముననే ఆరంభింపవచ్చును.